సిలికను కరగిన క్షణము: ఒక శాస్త్రవాదపు చరిత్ర

మన తార్కికులు శతపత్రభేదన్యాయ మని యొక న్యాయమును చెప్పుదురు. నూఱు తామరరేకులను ఒకదానిపై నొకటి పేర్చి, వాడియైన సూదితో ఒక్క పోటు పొడిచినచో, నూఱు రేకులును ఏకకాలముననే చిల్లుపడినట్లు తోచును. కాని రెండవ రేకు తెగుటకు ముందు మొదటి రేకు తెగియుండవలెను గదా! క్రమ మున్నది, మన కన్నులకు మాత్రమది యందదు. ఒక్కమాఱే జరిగిన వని మనము తలచు పనులలో పూర్వాపరక్రమము దాగి యుండవచ్చు నని బోధించుటకే యీ న్యాయము పుట్టినది. తార్కికులు దీనిని మనోవ్యాపారమును గూర్చిన చర్చలలో వాడిరి. నేటి ప్రసంగము సిలికను అను స్ఫటికమును గూర్చినది. తీక్ష్ణమైన లేసరు వెలుగు పడిన తోడనే అది మెఱయును, కరగును, రూపు మాఱును. ఈ మూడును ఒక్క పోటుగా కనుపించినంత కాలము శాస్త్రజ్ఞులలో గొప్ప వివాదము నడిచినది. రేకు రేకును విడదీసి చూడగల సాధనము దొరకిన పిమ్మట ఆ వివాదము తీఱిన తీరు విచిత్రమైనది.

మొదట కాలపు కొలతలను గూర్చి రెండు మాటలు. భాస్కరాచార్యులు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణిలో ఱెప్పపాటు కాలమునకు నిమేష మని పేరు. నిమేషములో ముప్పదియవ వంతు తత్పర. తత్పరలో నూఱవ వంతు త్రుటి. లెక్కకట్టి చూచినచో త్రుటి యనగా సెకండులో 33,750వ వంతు. ఆ లవలేశ కాలమున వెలుగు దాదాపు తొమ్మిది కిలోమీటర్లు పోవును. నేటి శాస్త్రజ్ఞుల కొలతలు ఇంకను సూక్ష్మములు. సెకండులో నూఱుకోట్లవ వంతు నానోసెకండు. దానిలో వేయవ వంతు పికోసెకండు. దానిలోను వేయవ వంతు ఫెమ్టోసెకండు. ఒక్క త్రుటిలో సుమారు 2,963 కోట్ల ఫెమ్టోసెకండ్లు ఇముడును. వెలుగు నానోసెకండులో ఒక అడుగు దూరము పోవును. తలవెండ్రుక మందమును దాటుటకు దానికి రెండు మూడు వందల ఫెమ్టోసెకండ్లు పట్టును. ఈ కొలతలు మనస్సున నుంచుకొన్నచో ముందు చెప్పబోవు విషయము సులభముగా బోధపడును.

సిలికను అర్ధవాహకము. రాగివలె విద్యుత్తును ధారాళముగ పోనీయదు. గాజువలె పూర్తిగా అడ్డగింపదు. దాని స్ఫటికమున ప్రతి పరమాణువును నాలుగు పొరుగు పరమాణువులతో బంధము గట్టుకొని యుండును. ఆ బంధములు ఎలక్ట్రానులతో పేనిన త్రాళ్ళ వంటివి. తగిన శక్తి గల వెలుగు పడినపుడు కొన్ని ఎలక్ట్రానులు ఆ త్రాళ్ళనుండి విడివడి స్ఫటికమున స్వేచ్ఛగా సంచరింపసాగును. అట్లు విడివడినవి కొలదిగ నున్నచో త్రాడు సడలదు. మిక్కుటమైనచో త్రాడే పీలిక లగును.

ఒక పదార్థము ఎంత వెలుగును త్రిప్పి పంపును, ఎంత లోనికి పోనిచ్చును, ఏ రంగును మ్రింగును అనునవి ముఖ్యముగా దానిలోని ఎలక్ట్రానుల స్థితిని బట్టి యుండును. కావున ఎలక్ట్రానులలో కలిగిన మార్పు మొట్టమొదట ఆ పదార్థపు మెఱుపులో తెలియును. వైద్యుడు నాడిని పట్టి లోని రోగమును తెలిసికొనునట్లు, భౌతికశాస్త్రజ్ఞుడు తిరిగివచ్చు వెలుగు పాలును కొలిచి స్ఫటికపు లోగుట్టును తెలిసికొనును. ఎఱ్ఱని వెలుగు పడినపుడు ఘనరూపమున నున్న సిలికను దానిలో మూడింట ఒక వంతునకు కొంచెము మించి త్రిప్పి పంపును. సుమారు 1,414 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగి ద్రవమైనపుడు అది లోహమువలె ప్రవర్తించి, నూటికి డెబ్బది పాళ్ళ దాక త్రిప్పి పంపును. ఈ భేదమే మన కథలో మొదటి సాక్షి.

వివాదము పుట్టిన స్థలము అర్ధవాహకపు పరిశ్రమ. సిలికనుకు కావలసిన విద్యుద్గుణములు కలుగుటకై ఇతర మూలద్రవ్యముల అయానులను మిక్కిలి వేగముతో దానిలోనికి దూర్చుదురు. ఆ దెబ్బలకు పై పొరలోని పరమాణువుల వరుస చెదరిపోవును. పలకను కొలిమిలో కాచి ఆ వరుసను మరల కుదుర్చుట పాత పద్ధతి. 1970 తరువాతి సంవత్సరములలో సోవియట్ యూనియనులోని కజాను నగరమున ఖైబుల్లిన్, ష్టిర్కోవ్ మొదలగు వారు కొలిమికి బదులుగా లేసరు స్పందములను వాడి చూచిరి. స్పంద మనగా ఒక్క క్షణము వెలిగి ఆరిపోవు కాంతి. నానోసెకండ్లలో ముగియు నట్టి స్పందము తాకినంతనే చెదరిన వరుస తిరిగి కుదురుకొనెను. ఈ వార్త దేశదేశముల ప్రయోగశాలలకు ప్రాకెను. పని జరిగిన దనుటలో సందేహము లేదు. ఎట్లు జరిగిన దనునదియే ప్రశ్న.

1978లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆస్టన్, సర్కో, వెంకటేశన్, స్లషర్, గోలొవ్చెంకో అను వారు సిలికను మెఱుపును కాలక్రమమున కొలిచిరి. లేసరు స్పందము పడుచున్న చోటనే వేఱొక దుర్బలమైన కిరణమును పడనిచ్చి, తిరిగివచ్చు వెలుగు క్షణక్షణము ఎట్లు మాఱునో చూచిరి. మెఱుపు హఠాత్తుగా పెరిగి, కొంతతడవు ఒకే మట్టమున నిలిచి, పిదప తగ్గెను. ఆ మట్టము ద్రవ సిలికను మెఱుపుతో సరిపోయెను. లేసరు శక్తి వేడిగా మాఱినది. ఆ వేడికి పై పొర కరగినది. మరల గట్టిపడునపుడు అడుగున చెక్కుచెదరక యున్న స్ఫటికపు వరుసనే అనుసరించినది. ఇది సిద్ధాంతపక్షము. సామాన్యబుద్ధికిని ఇదియే సమ్మతముగ నుండును.

దీనికి 1979లో ఒక బలమైన పూర్వపక్షము లేచినది. వాన్ వెక్టెన్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును ఇట్లు వాదించిరి: లేసరు వెలుగు మొదట తాకునది పరమాణువులను గాదు, ఎలక్ట్రానులను. అసంఖ్యాకములైన ఎలక్ట్రానులు బంధములను విడిచి సాంద్రమైన ప్రవాహముగా నేర్పడును. అట్టి ఎలక్ట్రాను సముదాయము కూడ లోహమువలెనే మెఱయును. కావున మెఱుపు పెరిగిన దన్నమాత్రమున కరగిన దని చెప్పరాదు. బంధములు సడలినందున పరమాణువులు వేడి యెక్కకయే కదలి, తమ తమ స్థానములలో కుదురుకొన్నవి. ఈ పక్షమునకు కాన్సస్ రాష్ట్రమునుండి ఒక ప్రయోగము తోడ్పడెను. మన రామనుగారు 1928లో కలకత్తాలో కనుగొన్న రామను ఫలితమును ఉపయోగించి, లో, కంపాన్ అను నిరువురు లేసరు దెబ్బ తగిలిన సిలికను ఉష్ణోగ్రతను కొలిచి 1980లో ప్రకటించిరి. వారికి దొరకిన ఉష్ణోగ్రత కరగు స్థానమునకు చాల దిగువ నుండెను. మెఱుపు ద్రవమునకు సాక్ష్యమిచ్చుచుండెను. ఉష్ణోగ్రత ఘనమునకు సాక్ష్యమిచ్చుచుండెను. ఇరుపక్షములవారును సభలలో తీవ్రముగా వాదించుకొనిరి.

సాక్షులు పరస్పరము విరోధించినపుడు మూడవ సాక్షిని వెదకుట న్యాయము. 1982లో అట్టి సాక్షులు ఇద్దఱు దొరకిరి. గాల్విన్, మేయర్ మొదలగు వారు లేసరు పడుచుండగా సిలికను గుండ విద్యుత్తును పంపిరి. ద్రవ సిలికను ఘన సిలికను కంటె విద్యుత్తును చాల ఎక్కువగా పోనిచ్చును. కావున ప్రవాహపు పరిమాణమును బట్టి ఎంత లోతు కరగినదో, ఎంత వేగముతో గట్టిపడుచున్నదో లెక్క కట్టిరి. ద్రవపు అంచు సెకండునకు కొన్ని మీటర్ల వేగముతో పైకి జరుగుచున్న దని తేలెను. అదే సంవత్సరమున ఓక్ రిడ్జ్ ప్రయోగశాలకు చెందిన లార్సన్ మొదలగు వారు కార్నెల్ విశ్వవిద్యాలయమునందలి సింక్రోట్రాను ఎక్సురేలతో పరమాణువుల నడిమి దూరములను కొలిచి, స్ఫటికపు పై పొర కరగు ఉష్ణోగ్రతను నిజముగా అందుకొనిన దని చూపిరి. ఇంతటితో పూర్వపక్షము నిలువలేకపోయెను. సామాన్యద్రవీభవనమే జరిగిన దని పెక్కుమంది అంగీకరించిరి.

ఈ తీర్పునకు మూలకారణ మేమి? ఎలక్ట్రానులు తాము గ్రహించిన శక్తిని పరమాణువులకు అప్పగించుటకు పట్టు కాలము పికోసెకండు పరిమాణము గలది. నానోసెకండు స్పందములో అట్టివి వేయి యున్నవి. ఎలక్ట్రానులు శక్తిని అందుకొనుట, పరమాణువులకు ఇచ్చుట అను రెండు పనులును స్పందము ముగియకమునుపే మరల మరల జరిగిపోవును. వేడి యెక్కుటకు కావలసినంత వ్యవధి యున్నది. కాని ఈ హేతువులోనే వేఱొక ప్రశ్న ఇమిడియున్నది. స్పందమే పికోసెకండు కంటె కుఱుచ యైనచో నేమగును? ఎలక్ట్రానులు శక్తిని పరమాణువులకు ఇచ్చుటకు తీరిక దొరకకమునుపే బంధము లన్నియు సడలినచో నేమగును? ఆ ప్రశ్నకు ప్రయోగముచే ఉత్తరము చెప్పవలె నన్నచో సూదికి పదును కావలెను.

ఆ పదునుపెట్టిన చరిత్ర వేఱుగా చెప్పదగినది. 1899లో పారిస్ నగరమున అబ్రహాం, లెమ్వాన్ అను వారు ఒకే విద్యుత్ మెఱుపును రెండు పనులకు వాడిరి. ఆ మెఱుపే పదార్థముపైని విద్యుద్బలమును తొలగించును. దాని వెలుగే అద్దముల గుండ కొన్ని మీటర్లు చుట్టు తిరిగి, ఆలస్యముగా వచ్చి ఆ పదార్థమును పరీక్షించును. వెలుగు వేగము మనకు తెలియును. కావున దారి పొడవే గడియార మగును. అప్పటి గడియారము లేవియు కొలువలేని స్వల్పకాలమును వారు మీటరు కొలబద్దతో కొలిచిరి. నేటికిని ఈ శాస్త్రమునకు ఇదియే ప్రాణము. స్పందమును రెండుగా చీల్చుదురు. బలమైన భాగము ముందు పోయి పదార్థమును తాకును. బలహీనమైన భాగము అద్దమును జరుపుటచే కావలసినంత ఆలస్యముగా పోయి, దాని స్థితిని విచారించును. మొదటిది కొట్టునది, రెండవది అడుగునది. అద్దమును మిల్లీమీటరులో ఏడవ వంతు వెనుకకు జరిపినచో, పోవు దారియు వచ్చు దారియు పెరుగుటచే, సుమారు ఒక పికోసెకండు ఆలస్యము లభించును.

లోటెల్ల కుఱుచ స్పందములకే. 1960 మే 16వ తేదిని కాలిఫోర్నియాలో మేమన్ కెంపు స్ఫటికముతో మొదటి లేసరును వెలిగించెను. 1962లో హెల్వార్త్, మెక్లంగ్ అను వారు శక్తిని నిలువచేసి ఒక్కమాఱు విడుచు పద్ధతిచే దానిని నానోసెకండ్ల స్పందముగా మార్చిరి. 1964లో బెల్ ప్రయోగశాలలో హార్‌గ్రోవ్, ఫోర్క్, పొలాక్ అను వారు లేసరులోని తరంగముల నన్నింటిని ఒకే తాళమునకు కట్టు పద్ధతిని చూపిరి. భజనమండలిలో ప్రతివాడును తనకు తోచినపుడు చప్పట్లు కొట్టినచో రొద మాత్రమే వినబడును. అందఱును తాళమునకు కొట్టినచో ఒక్కటే దెబ్బ వినబడును. అట్లే తరంగము లన్నియు తాళము కలిసినపుడు వెలుగు కుఱుచ దెబ్బలుగా వెలువడును. 1974లో షాంక్, ఇప్పెన్ అను వారు రంగుద్రావణపు లేసరుతో పికోసెకండు కంటె తక్కువ స్పందములను సాధించిరి. 1981లో ఫోర్క్, గ్రీన్, షాంక్ అను వారు 100 ఫెమ్టోసెకండ్ల లోపలికి దిగిరి.

సూది సిద్ధమైన వెంటనే సిలికను మరల పరీక్షకు వచ్చెను. 1983లో షాంక్, యెన్, హిర్లిమన్ అను వారు 90 ఫెమ్టోసెకండ్ల స్పందములతో దానిని కొట్టి చూచిరి. అంతవరకు ఒకే పోటుగా కనుపించినది రేకులుగా విడివడెను. మొదట విడివడిన ఎలక్ట్రానుల వలన మెఱుపు మాఱినది. తరువాత, పికోసెకండు నిండకమునుపే, అది ద్రవ సిలికను మెఱుపు వైపునకు పరుగెత్తినది. ఎలక్ట్రానుల మెఱుపును ద్రవపు మెఱుపును ఒక దానితో నొకటి తికమకపడక, వెనుకముందులుగా కనుపించుట ఇదియే మొదలు.

వారే ఆ సంవత్సరమున వేఱొక ఉపాయమును గూడ పన్నిరి. తీక్ష్ణమైన వెలుగు పడినపుడు సిలికను పై పొర దానికి రెట్టింపు పౌనఃపున్యము గల వెలుగును లేశమాత్రము వెలువరించును. స్ఫటికమును చక్రమువలె త్రిప్పుచు ఆ వెలుగును కొలిచినచో, ఒక్కొక్క చుట్టునకు మూడు మాఱులు పెరిగి తగ్గును. పరమాణువుల వరుసలోని సౌష్ఠవమే దీనికి కారణము. వరుస చెడినచో ఏ దిక్కునకు త్రిప్పినను కొలత ఒకటే యగును. బలమైన స్పందము తగిలిన పిమ్మట ఈ మూడు పెరుగుదలల గుర్తు పికోసెకండు లోపలనే చెఱిగిపోవుట వారు చూచిరి. వేడి సావకాశముగ వ్యాపించి కరగించుటకు ఆ వ్యవధి చాలునా యను సందేహము అప్పటినుండి బలపడెను.

1990 మొదలుకొని స్టాంఫ్లి, బెన్నెమన్ అను శాస్త్రజ్ఞులు ఈ సందేహమునకు గణితరూపము నిచ్చిరి. బంధములందలి ఎలక్ట్రానులలో పదింట ఒక వంతునకు దరిదాపుగా ఒక్కసారి విడివడినచో, స్ఫటికపు కట్టడమే నిలువలేక కూలు నని వారి గణన చెప్పెను. ఆ దశకములోనే హార్వర్డు విశ్వవిద్యాలయమున మజూర్ మొదలగు వారు గాలియం ఆర్సెనైడు అను వేఱొక అర్ధవాహకముపై పరీక్షలు సాగించిరి. వారు ఒక రంగులో మాత్రమే గాక, పెక్కు రంగులలో ఆ పదార్థము వెలుగునకు ఇచ్చు ప్రతిక్రియను కొలిచి 1998లో సమగ్రముగా ప్రకటించిరి. స్పందము బలహీనమైనచో ఎలక్ట్రానులు మాత్రమే చలించును; పరమాణువులు వేడెక్కుట కొన్ని పికోసెకండ్ల తరువాత కనుపించును. బలము పెరిగినచో వరుస చెదరును. ఇంకను పెరిగినచో అర్ధవాహకము లోహపు లక్షణములను దాల్చును. ఒకే పదార్థము, ఒకే రంగు వెలుగు. దెబ్బ బలమును బట్టి దారి వేఱు.

ఇంతవఱకు చెప్పిన సాక్ష్య మంతయు వెలుగు చెప్పినది. వెలుగు ఎలక్ట్రానులను చూచును గాని పరమాణువులను నేరుగా చూడజాలదు. వరుస చెడిన దనుట ఊహయే గదా యని ఆక్షేపించువారు ఉండిరి. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. దానికి ఎక్సురేలు సమాధానము చెప్పెను. 1999లో సైడర్స్ మొదలగు వారు జర్మేనియముపై, 2001లో రూస్ మొదలగు వారు ఇండియం ఆంటిమొనైడుపై కుఱుచ ఎక్సురే స్పందములను ప్రయోగించి, వేడి వలన గాని ద్రవీభవనము కలదని చూపిరి. 2005లో లిండెన్‌బర్గ్ మొదలగు వారు స్టాన్‌ఫర్డు త్వరణయంత్రమువద్ద చేసిన ప్రయోగము మిక్కిలి మనోహరమైనది. లేసరు తగిలిన పిమ్మట మొదటి కొన్ని వందల ఫెమ్టోసెకండ్లలో పరమాణువులు క్రొత్త వేగము నేమియు పొందలేదు. గది ఉష్ణోగ్రతలో తమకు సహజముగా నున్న వేగముతోనే, నిరోధము లేక ముందునకు సాగిపోయినవి. గుంజకు కట్టిన పశువుల త్రాళ్ళు ఒక్కసారి తెగినచో, వాటి నెవ్వరును తోలకున్నను, అవి తమ నడకతోనే చెదరిపోవును గదా! ఇదియు అట్టిదే. త్రాడు తెగుటయే చాలును. కొరడాతో పని లేదు.

ఆ తరువాత సూది ఇంకను సన్నగిలినది. 2014లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో షుల్ట్సె మొదలగు వారు ఫెమ్టోసెకండులో వేయవ వంతైన ఆట్టోసెకండులతో సిలికనును పరీక్షించిరి. ఎలక్ట్రానులు స్వేచ్ఛాస్థితిని పొందుటకు పట్టిన కాలము 450 ఆట్టోసెకండ్లకు మించ లేదని, పరమాణువుల కదలిక సుమారు 60 ఫెమ్టోసెకండ్లకు గాని తెలియ లేదని వారు చెప్పిరి. ఆట్టోసెకండు స్పందములను సృజించు పద్ధతులకై 2023లో అగోస్తీని, క్రౌస్, ల్యూయియే అను మువ్వురకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

ఈ చరిత్రలో ఎవరు గెలిచిరి? 1982 నాటి సభలో తీర్పరిగా కూర్చుండినవాడు వాన్ వెక్టెన్ ఓడినా డనియే చెప్పియుండును, చెప్పుట న్యాయమే. నానోసెకండు స్పందముల విషయమున ఆతని మతము నేటికిని నిలువదు. కాని ఎలక్ట్రానుల సముదాయమే బంధములను సడలింపగల దను ఆతని మూలభావము, స్పందము వేయి రెట్లు కుఱుచయైన చోట, సిద్ధాంతముగా నిలిచినది. మన శాస్త్రగ్రంథములలో పూర్వపక్షమును పూర్తిగా, నిజాయితీతో చెప్పిన తరువాతనే ఖండింపవలె నను నియమ మున్నది. దాని ప్రయోజనము ప్రతివాదిని గౌరవించుట మాత్రమే గాదు. ఖండితమైన వాక్యము ఏ పరిమితిలో ఖండితమైనదో వ్రాసి యుంచినచో, ఆ పరిమితి దాటిన చోట అది మరల పనికి రావచ్చును. ఇట్టి పత్రము లన్నియు ప్రకటితములై నిలిచియుండబట్టియే, తరువాతివారు ఓడిన మతమును అటకమీదనుండి దింపి, క్రొత్త సూదితో పరీక్షింపగలిగిరి.

లోకవ్యవహారములో ఇరుపక్షములును జీవించియే యున్నవి. నేడు మన చేతులలోని పెక్కు టెలిఫోనుల తెరలకు కావలసిన సన్నని సిలికను పొరను నానోసెకండ్ల లేసరు స్పందములతో వేడిచేసి, కరగించి, గట్టిపఱచి స్ఫటికముగా చేయుదురు. అది పాత సిద్ధాంతపక్షము పనిచేయు చోటు. పరమాణువుల త్రాళ్ళు వేడి లేకయే తెగు చోటు ఫెమ్టోసెకండుల ప్రయోగశాల. రెంటికిని నడుమ నున్నది వెలుగు దెబ్బ ఎంతసేపు నిలిచిన దను నొక్క ప్రశ్న. కాబట్టి వేడి వలన కరగినదా, వేడి లేకయే కరగినదా యని ఎవరైన అడిగినపుడు, బదులు చెప్పుటకు ముందు, ఎంతసేపటి వెలుగును గూర్చి అడుగుచున్నా రని ఎదురు ప్రశ్న వేయుట మర్యాద.